పాత డెస్క్‌టాపుకు ఏ గ్రాఫిక్స్ కార్డు? పేరు చూసి కొనవద్దు

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవడం, రాయడం మాత్రం చాలామందికి రాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు నేర్చుకునే దారి ఇరుకైంది. అందుకే కోయంబత్తూరులోనూ మదురైలోనూ కొన్ని ఇళ్ళవారు మూలన పడేసిన డెస్క్‌టాపును మళ్ళీ బయటికి తీసి, వీడియో పాఠాలతో పిల్లలకు ఓనమాలు నేర్పిస్తున్నారు. వీడియో ఆగి ఆగి నడుస్తుంది. అంగడిలో అడిగితే గ్రాఫిక్స్ కార్డు వేయాలంటారు. ఏది కొనాలని సంఘాన్ని అడుగుతున్నవారి కోసం ఈ వివరాలు ఒకచోట చేర్చాము.

మేమూ ఒకసారి దెబ్బతిన్నాము. సంఘం కంప్యూటరుకు సెకండ్‌హ్యాండ్‌లో జీటీ 730 కొన్నాము. మెమరీ 4 జీబీ ఉందని సంతోషించాము. బిగించాక చూస్తే, ఆ పేరుతో వచ్చిన కార్డుల్లో అది పాత చిప్పుది. పాఠాల వీడియో ముందు ఎలా నడిచేదో తరువాతా అలాగే నడిచింది.

అసలు కార్డు అవసరమా?

2011 తరువాతి ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో చాలావాటికి గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. మానిటరు వైరును మదర్‌బోర్డుకే తగిలించి చూడండి. బొమ్మ బాగా వస్తే కార్డు వద్దు. ఆ డబ్బుతో ర్యామ్ పెంచినా, ఎస్‌ఎస్‌డీ వేసినా ఎక్కువ మేలు. బోర్డులోని డిస్‌ప్లే చెడిపోయినా, వీడియో మరీ తడబడినా అప్పుడు కార్డు గురించి ఆలోచించండి.

ఏ కార్డు ఎలాంటిది?

జీఫోర్స్ 210 (2009): 16 కోర్లు, సుమారు 31 వాట్లు. జీటీ 610 (2012): 48 కోర్లు, 29 వాట్లు. రెండింటికీ కొత్త డ్రైవర్లు ఆగి ఏళ్ళయింది. తెర వెలిగితే చాలు అనుకుంటే తప్ప వీటికి డబ్బు పెట్టవద్దు.

రేడియాన్ ఆర్5 230 (2014): 160 కోర్లు, 19 వాట్లు. 2011 నాటి హెచ్‌డీ 6450 చిప్పుకే కొత్త పేరు. రేడియాన్ కోర్ల లెక్కను జీఫోర్స్ లెక్కతో పోల్చకూడదు, రెండూ వేరు.

జీటీ 710: 192 కోర్లు, 19 వాట్లు. చాలా మోడళ్ళకు ఫ్యాను కూడా ఉండదు. పాత మానిటర్లకు కావలసిన వీజీఏ పోర్టు సాధారణంగా ఉంటుంది.

జీటీ 730 (2014): ఒకే పేరు, మూడు రకాలు. మొదటిది 96 కోర్ల పాత ఫెర్మీ చిప్పు, 49 వాట్లు. రెండోది 384 కోర్ల కెప్లర్ చిప్పు, డీడీఆర్3 మెమరీ. మూడోది అదే చిప్పు, జీడీడీఆర్5 మెమరీ. కొంటే మూడోదే కొనాలి.

జీటీ 1030 (2017): 384 కోర్లు, 30 వాట్లు. యూట్యూబు చాలా వీడియోలను పంపే వీపీ9 పద్ధతిని ఈ కార్డు తానే విప్పుతుంది. 710, 730 కార్డులకు అది చేతకాదు, బరువంతా ప్రాసెసరు మీద పడుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. జీడీడీఆర్5 రకం మెమరీ సెకనుకు 48 జీబీ అందిస్తే, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 16.8 జీబీయే అందిస్తుంది.

ఆర్‌ఎక్స్ 550 (2017): 512 కోర్లు, 50 వాట్లు. వీటన్నిటిలో ఆటలకు కాస్త మెరుగైనది ఇదే. పాఠాలకు మాత్రం ఇంత అక్కరలేదు.

కెప్లర్ కార్డులకు భద్రతా అప్‌డేట్లు 2024తో ఆగిపోయాయి. జీటీ 1030కి 2028 అక్టోబరు వరకు ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది.

కొనేముందు చూడవలసినవి

1937లో జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరు కోయంబత్తూరు. మోటారు కొనేటప్పుడు మనవాళ్ళు రంగు చూడరు, నేమ్‌ప్లేటు చదువుతారు. కార్డు విషయంలోనూ అంతే.

1. అంగడిలోనే కంప్యూటరుకు బిగించి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాముతో చిప్పు పేరు, కోర్లు, మెమరీ రకం చూపించమనండి. పెట్టె మీద ఎన్ని జీబీలని ఉందో దానిని బట్టి వేగం తేలదు.

2. మీ మానిటరుకు వీజీఏ మాత్రమే ఉంటే జీటీ 1030 నేరుగా పనికిరాదు. దానికి సాధారణంగా హెచ్‌డీఎంఐ, డీవీఐ-డీ పోర్టులే ఉంటాయి. కన్వర్టరు ఖర్చు కూడా కలిపి చూసుకోండి.

3. ఆఫీసుల నుంచి వచ్చిన సన్నటి కేబినెట్ అయితే పొట్టి కార్డు, పొట్టి బ్రాకెట్ కావాలి. కొలత తీసుకుని వెళ్ళండి.

4. చెడితే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

మా సలహా ఇది: వీడియో పాఠాలకు కార్డు తప్పదంటే జీడీడీఆర్5 జీటీ 1030. వీజీఏ మానిటరుతో అక్షరాలు టైపు చేసుకోవడానికే అయితే జీటీ 710 చాలు. ఏదీ అవసరం లేదని తేలితే మరీ మంచిది, ఆ డబ్బుతో పిల్లలకు నాలుగు తెలుగు వాచకాలు కొనండి.