చెయ్యెత్తడం ఎవరు నేర్పారు?



ఈవేళ నేను చెప్పబోయే చరిత్ర రాజులదీ కాదు, కోటలదీ కాదు. మన వంటింట్లో, మన వసారాలో రోజూ జరిగే వొక చిన్న పనిది. అదేమిటంటే, కోపం వచ్చినప్పుడు చెయ్యెత్తడం.

మా పెద్దవాడికి అయిదేళ్ళప్పటి మాట ఇది. పలకమీద వాడు వేసుకున్న బొమ్మని వాడి చెల్లెలు చెరిపేసింది. వాడు దాని వీపుమీద ఛెళ్ళున వొక్కటి చరిచి, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అన్నాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మా అత్తగారు, "వాడి మేనమామ పోలికే అమ్మాయ్, రక్తంలోనే వుంది" అన్నారు. పక్కింటి పిన్నిగారు, "పాపం, చెల్లెలు పుట్టాక వాణ్ణి దగ్గరికి తీసేవాళ్ళే లేకపోయారు. ఆ ఉక్రోషం ఎక్కడికి పోతుంది?" అన్నారు. నేను మాత్రం వాడిమీదికి చెయ్యెత్తి, "ఇలా కొట్టడం నీకెవరు నేర్పార్రా?" అని గద్దించాను. వాడు ఎత్తిన నా చేతివంక చూసి, "నువ్వే కదమ్మా" అన్నాడు.

ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

నేను మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. అయినా ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుని, దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, ఆ రోజు మా వసారాలో వినబడిన మూడు మాటలమీదే పెద్ద పెద్ద పండితులు వందేళ్ళుగా వాదించుకుంటున్నారు!

మొదటిది మా అత్తగారి మాట, రక్తంలో వుందని. 1932లో ఐన్‌స్టీన్ మహాశయుడు వియన్నాలోని ఫ్రాయిడ్‌గారికి వొక ఉత్తరం రాశాడు. మనుషుల్ని ఈ యుద్ధాలనుంచి తప్పించే దారి ఏమైనా వుందా అని. మనిషిలో ప్రేమించే గుణంతోపాటు నాశనం చేసే గుణం కూడా పుట్టుకతోనే వుంటుందనీ, దాన్ని బొత్తిగా తీసెయ్యలేమనీ, మనిషికీ మనిషికీ మధ్య మమకారం పెంచేది ఏదైనా యుద్ధానికి విరుగుడేననీ ఫ్రాయిడ్ జవాబిచ్చాడు. ఆ తరవాత 1963లో, బాతుల్నీ చేపల్నీ ఏళ్ళతరబడి గమనించిన లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు, కోపం కుండలో నీళ్ళలా లోపల నిండుతూ వుంటుందనీ, ఎటో వొకటి పారక తప్పదనీ రాశాడు. చాలామంది నమ్మారు కూడా. కాని 1986లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు సమావేశమై, యుద్ధం చెయ్యడం మనిషి రక్తంలోనే రాసిపెట్టి వుందనడం శాస్త్రరీత్యా తప్పని ప్రకటించారు. 1989లో యునెస్కో ఆ ప్రకటనని ఆమోదించింది. పుట్టుకతోనే కొంతమంది పిల్లలు కాస్త దుడుకుగా వుంటారు, నిజమే. అంతమాత్రాన తప్పంతా మేనమామమీదికి నెట్టడానికి వీల్లేదు!

రెండోది పిన్నిగారి మాట, ఉక్రోషం అని. 1939లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డొలార్డ్, మిల్లర్, మరి కొందరు కలిసి వొక పుస్తకం వేశారు. కావాలనుకున్నది చేతికి అందకుండా అడ్డుపడితే పుట్టేదే దౌర్జన్యం అని వాళ్ళ వాదం. అడ్డుపడ్డవాడు మనకన్న బలవంతుడైతే ఆ కోపం బలహీనుడిమీదికి మళ్ళుతుందనీ చెప్పారు. దీనికి యేల్ దాకా వెళ్ళాలా చెప్పండి? అత్తమీద కోపం దుత్తమీద అని మనవాళ్ళు ఏనాడో అన్నారు. ఆఫీసులో మాటపడ్డ మనిషి ఇంటికొచ్చి భార్యమీద విరుచుకుపడతాడు. ఆవిడ పిల్లవాణ్ణి బాదుతుంది. వాడు చెల్లెల్ని కొడతాడు, అది బొమ్మని నేలకేసి కొడుతుంది. అయితే ఆశాభంగం కలిగిన ప్రతివాడూ కొట్టడు కదా? కొందరు ఏడుస్తారు, కొందరు మరో దారి వెతుక్కుంటారు. 1941లో మిల్లర్‌గారే ఆ సంగతి వొప్పుకుని తమ మాట సవరించుకున్నారు.

అదే కాలంలో, హిట్లర్ జర్మనీనుంచి అమెరికా వచ్చి తలదాచుకున్న కర్ట్ లెవిన్ అనే యూదు పండితుడు పదేళ్ళ మొగపిల్లలతో వొక పరీక్ష చేశాడు. పిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి బొమ్మలూ మాస్కులూ తయారుచేయించారు. కొన్నాళ్ళు పెద్దవాడు అన్నిటికీ హుకుం జారీచేసేవాడు. కొన్నాళ్ళు పిల్లల్ని అడిగి, కలిసి నిర్ణయించేవాడు. హుకుం నడిచినచోట కొన్ని జట్లు నోరెత్తకుండా పనిచేశాయి. చూసేవాళ్ళకి ఎంత బుద్ధిమంతులో అనిపించేది. ఆ అదుపు కాస్త సడలిందో లేదో, అణిగివున్నదంతా బయటపడింది. మరికొన్ని జట్లలో అందరూ కలిసి వొక పిల్లవాణ్ణి పట్టుకు వేధించారు. "మా ఇంట్లో పిల్లలు నాన్నంటే హడల్" అని మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

మూడోది మా అబ్బాయి మాట. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బందూరా అనే ఆచార్యుడు మూడునుంచి ఆరేళ్ళలోపు పిల్లలు 72 మందితో వొక ప్రయోగం చేశాడు. కొందరి ఎదుట వొక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మని గుద్దాడు, సుత్తితో మోదాడు, నోటితోనూ తిట్టాడు. కొందరి ఎదుట ఆ పెద్దమనిషి శాంతంగా వేరే ఆటవస్తువులతో ఆడుకున్నాడు. మిగిలినవాళ్ళకి ఏమీ చూపించలేదు. తరవాత పిల్లల్ని బొమ్మ దగ్గర వదిలితే, కొట్టడం చూసినవాళ్ళలో చాలామంది అచ్చం అలాగే, ఆ తిట్లతో సహా కొట్టారు. బొమ్మని కొట్టడం, మనిషిని కొట్టడం వొకటేనా అని ఆక్షేపించినవాళ్ళూ లేకపోలేదు. 1965లో ఆయన చేసిన మరో పరీక్ష నన్ను ఇంకా ఆలోచింపజేసింది. కొట్టినవాడికి శిక్షపడడం చూసిన పిల్లలు తక్కువగా కొట్టారు. కాని, చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనేసరికి వాళ్ళూ మిగతావాళ్ళకి తీసిపోకుండా చేసి చూపించారు. అంటే శిక్ష దాన్ని దాచిందే తప్ప, మరిపించలేదన్నమాట.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. కెనడాలో ట్రెంబ్లే అనే పరిశోధకుడు పిల్లల్ని చిన్నప్పటినుంచీ ఏళ్ళతరబడి గమనించి, కొట్టడం, కొరకడం, తన్నడం ఎక్కువగా వుండేది రెండు మూడేళ్ళ వయసులోనని చెప్పాడు. తరవాత చాలామందిలో అది తగ్గుతూ వస్తుంది. మాటలు వస్తాయి, ఓర్పు వస్తుంది, పెద్దవాళ్ళు ఆపుతారు. అంటే కొట్టడానికి గురువు అక్కర్లేదు. ఆపుకోవడానికే గురువు కావాలి. చెయ్యి వాడిదే. కొట్టడం పెద్దవాళ్ళు చేసే పనేనని ఆ చేతికి అనుమతి ఇచ్చినదాన్ని మాత్రం నేను.

మన తాతలనాటి వీధిబడుల్లో కోదండం, గోడకుర్చీ, బెత్తం లేనిదే చదువు లేదనుకునేవారు. స్వీడన్ దేశం 1979లో ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటిది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1నుంచి అది అమలులోకి వచ్చింది. కాని ఆ సెక్షన్ బడి గేటు దాకానే. మన గడప లోపల చూసుకోవలసింది మనమే.

ఒక్క మాట. కారణం తెలుసుకోవడం వేరు, సమర్థించడం వేరు. ఆయనకి ఆఫీసులో చికాకులున్నాయనో, చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడనో, తాగివున్నాడనో ఏ ఆడదీ దెబ్బలు ఓర్చుకోవలసిన పనిలేదు. దెబ్బలు తిని పెరిగిన ప్రతివాడూ చెయ్యెత్తడు కూడా. అలాగే, పెద్దవుతున్నా పిల్లవాడు అదేపనిగా ఇతరుల్ని గాయపరుస్తుంటే తిట్టి లాభం లేదు, డాక్టరుకి చూపించాలి.

మరి నేనేం చేశానంటారా? గొప్పగా ఏమీ చెయ్యలేదు. వాడితో, "నేను కొట్టడం తప్పేరా" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి రెండు రోజులు పట్టింది. పిల్లవాడు పేచీ పెడితే ముందు ఆకలా, నిద్రా, భయమా అని చూసుకోవడం మొదలుపెట్టాను. చెల్లెలు అల్లరిచేస్తే కొట్టకుండా, "నాకు కోపం వస్తోంది" అని నోటితో చెప్పడం నేర్పాను. నాకు కోపం వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చేదాన్ని. మానేశానని అనను, చెయ్యి లేచిన రోజులూ వున్నాయి.

కొన్నాళ్ళకి చెల్లెలు మళ్ళీ వాడి బొమ్మ చెరిపేసింది. వాడి చెయ్యి లేచింది. మధ్యలోనే ఆగింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. గ్లాసు మాత్రం ఠంగుమని గట్టుమీద కొట్టాడు. కొట్టనీ, అనుకున్నాను.