ఊరి సంఘము - ఊరి మందిరము

తెలుగు పల్లెలో నలుగురు కూడుటకు చోటు లేని కాలము లేదు. రావిచెట్టు క్రింది రచ్చబండ, కరణముగారి చావడి, రామభజన మందిరము, దేవళపు మంటపము పూర్వమునుండి కలవు. అయితే ప్రతి చోటికిని ఒక కట్టుబాటుండెను. రచ్చబండమీద పెద్దలు కూర్చుందురు, తక్కినవారు నిలుచుందురు. మంటపములోనికి కొందరికి ప్రవేశమే లేదు. చందా కట్టిన వారందరికి ఒకే హక్కు, లెక్కల పుస్తకము అందరి యెదుట, పత్రికయు పుస్తకమును అందరికి అను పద్ధతిగల సంఘము పంతొమ్మిదవ శతాబ్దము చివరగాని తెలుగు పల్లె నెరుగదు. అట్టి సంఘములు పుట్టుట సులభము, నిలుచుట కష్టము. నిలిచినవానికి సాధారణముగా ఒక మందిరము తోడైనది.

ఈ మార్గమును ముందుగా చూపినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగా రొకరు. సభ జరుపుకొనుటకు పరుల దయపై ఆధారపడవలసిన ఇబ్బంది ఆయనకు బాగుగా తెలియును. 1881లో వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరు ఊరే ఎదురు తిరిగిన అనుభవ మాయనది. 1890లో రాజమహేంద్రవరమున ఆయన కట్టించిన పురమందిరము తెలుగుదేశమున తొలి పౌరసభాభవనములలో ఎన్నదగినది. ఏడేండ్లకు, 1897లో, భీమవరము ప్రాంతమందలి కుముదవల్లి అను చిన్న గ్రామమున భూపతిరాజు తిరుపతిరాజుగారు ఒక గ్రంథాలయమును స్థాపించి, దానికి శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయమని పేరు పెట్టిరి. పంతులుగారు అప్పటికి జీవించియే యున్నారు. ఆయనను నిందించువారును తక్కువకారు. అట్టి వ్యక్తి పేరును ఒక పల్లె తన సమాజమునకు పెట్టుకొనుట ఆనాటికి సాహసమే.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసెను. ఇందు మొదటిది రావిచెట్టు రంగారావుగారి ఇంట పుట్టి, సొంత భవనము చేరుటకు ఇరువదియేండ్లు పట్టెను. నిజాము రాజ్యమున సభ జరుపుటకు, బడి పెట్టుటకు సర్కారు అనుమతి ముందుగా కావలసియుండెను. అట్టిచోట తెలుగు పుస్తకముల బీరువా ఒకటి ఉంచుకొనుటయే భాషకు కాపుగాయుట. ఇక ఆంధ్ర జిల్లాలలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. అంతవరకు ఒకదాని నొకటి ఎరుగని ఊళ్ళ సంఘములు నాటినుండి ఒక ఉద్యమమైనవి.

ఆ గాలి చీరాల ప్రక్కనున్న వేటపాలెమునకు సోకెను. అది మగ్గముల ఊరు. 1918 అక్టోబరు 15వ తేదీన వి. వి. శ్రేష్ఠిగారును, తోడి యువకులును హిందూ యువజన సంఘము పేరిట ఒక గ్రంథాలయము తెరచిరి. అదియే సారస్వత నికేతనము. మూడేండ్లకు, 1921లో, ప్రక్కనే చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు విడిచి, రామనగరమను పేర గుడిసెలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. అట్టి దినములలో పఠన మందిరమున పత్రిక వచ్చుట చిన్న విషయము కాదు. చదువు వచ్చినవాడు బిగ్గరగా చదువును; రానివారు చుట్టు కూర్చుండి విందురు. అక్షరము రానివానికి దేశవార్త చేరు దారి అదియే.

1929లో ఆంధ్రదేశ పర్యటనకు వచ్చిన మహాత్మాగాంధి నికేతన భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికర్ర అచట విరుగగా, ఆ విరిగిన కర్రను నేటికిని భద్రపరచియున్నారు. అయితే నికేతనమునకు అసలైన ధనము పాత పత్రికల దొంతరలు. చదివిన పత్రికను పొట్లములకు వాడు దేశమున, ఆ ఊరివారు దానిని వరుసగా కట్టి, బైండు చేయించి, చెదలు పట్టకుండ దాచిరి. తెలుగువారి గత శతాబ్ది జీవితమును పరిశోధించువారు దూరదేశములనుండియు అచటికి వచ్చుట అందువలననే. ఊరు జిల్లాలు మారినది: గుంటూరునుండి 1970లో ప్రకాశమునకు, 2022లో బాపట్లకు. మందిరము మాత్రము తన చోటు విడువలేదు.

మందిరమే సర్వమని తలచినను పొరపాటే. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలో ఒక పడవపై పుస్తకములు పెట్టి, పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ ఊరూరి రేవుకు పంపిరి. దానికి గోడలు లేవు, గడప లేదు. అయినను రేవున వేచియున్నవారు కలరు కనుక అదియు ఒక మందిరమే. 1948లో మద్రాసు రాష్ట్రమునందును, 1960లో ఆంధ్రప్రదేశమునందును గ్రంథాలయ శాసనములు వచ్చెను. పన్నుతో గ్రంథాలయమునకు నిలుకడయైన ఆదాయము కలిగెను. ఇది గొప్ప మేలు. దానితోపాటు ఒక నష్టమును కలదు. నెలకు అణాలు ఇచ్చి, ఈ నెల ఏ పుస్తకము కొన్నారని అడుగు చందాదారుడు, పన్ను కట్టి ఊరకుండువాడయ్యెను. అడుగువాడు లేనిచోట బీరువా తాళము తుప్పు పట్టును.

ఈ చరిత్రకు భిలాయితో సంబంధమేమని అడుగవచ్చును. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్టు దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన ఈ నగరమునకు, విజయనగరము-రాయపూరు రైలుమార్గమున శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వేలాది తెలుగు కుటుంబములు వచ్చెను. సెక్టారులలో ఒక వరుసన అయిదారు భాషలవారు కాపురముందురు. ఇది మంచిదే, కాని రచ్చబండ లేదు. ఉద్యోగి ఇల్లు చాలమట్టుకు తనది కాదు. పదవీ విరమణమైన పిదప క్వార్టరు తాళపుచెవి అప్పగించి వెళ్ళవలెను. ముప్పదియేండ్లు కాపురమున్న గోడలమీద మరొకరి పేరు పడును. ప్రభుత్వోద్యోగి ఎక్కడనున్నను ఇదే స్థితి. తన భాషవారితో కలిసి నిలుపుకొన్న సంఘ మొక్కటే అతని తరువాత అతని బిడ్డలకు మిగులును.

ఆ బిడ్డలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో నాగరి లిపి నేర్తురు. తల్లి వ్రాసిన ఉత్తరము చదువలేనివారు వారిలో ఎందరో కలరు. ఉగాదికి, సంక్రాంతికి మాత్రమే తెరచు మందిరము ఈ కొరతను తీర్పజాలదు. వేటపాలెపు యువకులు 1918లో భవనముతో మొదలుపెట్టలేదు. పుస్తకములతో, చదువరులతో మొదలుపెట్టిరి. గాంధీజీ వేసిన పునాదిరాయి పదునొకండేండ్ల తరువాత వచ్చినది. వారానికి ఒకనాటి సాయంకాలము పదిమంది పిల్లలకు ఓనమాలు దిద్దించు సంఘమునకు అద్దె గదియైనను చాలును. శంకుస్థాపన చేసినవారి పేర్లు శిలాఫలకమున నిలుచును. ప్రతిదినము తలుపు తీసి, దీపము వెలిగించి, పత్రికలు సర్ది కూర్చున్నవారి పేర్లు ఎచటను వ్రాసియుండవు. నూరేండ్లు దాటిన ఆ పల్లె మందిరమును నిలిపినవారు వారే.