టైపు మిషనులో దాగిన వేగు



ప్రత్యేక సంచికకు కంప్యూటర్ల భద్రత గురించి నాలుగు మాటలు వ్రాయమన్నారు. వైరస్‌ల సంగతి పిల్లలు మనకు రోజూ చెబుతూనే ఉన్నారు. అది ప్రోగ్రాముల్లో చేరే చీడ. యంత్రంలోనే, దాని ఇనుములోనే దొంగ కూర్చుంటే ఏమిటి గతి? ఈ ప్రశ్న మనకు అన్నం పెట్టిన టైపు మిషను నాడే పుట్టింది.

నాతో పాటు టైపిస్టులుగా చేరినవారికి గుర్తుండే ఉంటుంది. కాన్ఫిడెన్షియల్ కాగితం కొట్టాక కార్బన్లు చించేసేవాళ్లం, స్టెన్సిళ్లు తగులబెట్టేవాళ్లం. మిషను మీద మాత్రం గుడ్డ కప్పి ఇంటికి పోయేవాళ్లం. మిషనును అనుమానించేదెవరు? మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం వారూ అనుమానించలేదు.

వారు వాడినవి ఐ.బి.ఎం. సెలెక్ట్రిక్ ఎలక్ట్రిక్ మిషన్లు. మన రెమింగ్టన్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కడ్డీ లేస్తుంది గదా! అందులో అలా కాదు. అక్షరాలన్నీ ఒక చిన్న బంతి మీద ఉంటాయి. ఏ మీట నొక్కితే ఆ అక్షరం ముందుకు వచ్చేలా బంతి తిరుగుతుంది, వంగుతుంది. ఆ బంతిని తిప్పే లోహపు ముక్కల కదలికలు తెలిస్తే అక్షరం తెలిసినట్లే. సోవియట్ నిపుణులు పట్టుకున్న కిటుకు ఇదే. మిషను లోపలి ఒక లోహపు కడ్డీని తొలిచి, అయస్కాంత క్షేత్రంలో మార్పులను పసిగట్టే పరికరాన్ని అందులో అమర్చారు. పోగైన సమాచారాన్ని అది రేడియో తరంగాలుగా, క్షణాల్లో ముగిసే విడతలుగా బయటకు పంపేది. తనిఖీ వాళ్లు వస్తే దూరం నుండే దాని నోరు మూయించవచ్చు!

1983లో ఒక మిత్రదేశం చెవిన వేయడంతో అమెరికన్లు కళ్లు తెరిచారు. 1984 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రీగన్ అనుమతి ఇచ్చారు. సుమారు 11 టన్నుల యంత్రాలను మార్చి, పాతవాటిని స్వదేశానికి తరలించారు. జూలై 23 సాయంత్రం ఒక సాంకేతిక నిపుణునికి ఒక మిషను స్విచ్ దగ్గర అదనంగా ఒక తీగచుట్ట కనిపించింది. ఎక్స్‌రే తీస్తే బండారం బయటపడింది. మాస్కో, లెనిన్‌గ్రాడ్‌లలో కలిపి 16 మిషన్లలో ఈ పరికరాలున్నాయి. 1976 నుండే ఈ వ్యవహారం సాగిందట. వారి తెలివి కన్నా ఆ ఎనిమిదేళ్ల ఓపికే నన్ను ఎక్కువ విస్మయపరచింది.

రహస్యలిపి యంత్రాలు ఎంత గట్టివైనా ప్రయోజనం లేకపోయింది. లిపి మారకముందే, మీట నొక్కగానే అక్షరం చేజారిపోయింది కదా. అందుకే కొత్త యంత్రాలను పంపేటప్పుడు, ఎవరైనా విప్పితే ఆనవాలు దొరికే సంచుల్లో పెట్టి పంపారు. మనం ఇన్‌స్యూర్డ్ పార్సెలుకు లక్క ముద్ర వేసినట్లే అనుకోండి.

ఎక్కడి మాస్కో, ఎక్కడి మన పెన్షను అంటారేమో. ఏ.టి.యం.లో కార్డు పెట్టే కంత మీద దొంగలు బిగించే తొడుగు కూడా ఈ జాతిదే. పాత కార్డుల నల్ల పట్టీ ఎప్పుడు చదివినా అవే అంకెలు ఇస్తుంది. ఒకసారి చదివి పెట్టుకుంటే నకలు కార్డు సిద్ధం. చిప్ అలా కాదు, ప్రతి లావాదేవీకి లోపల కొత్త సంకేతం లెక్కగట్టి ఇస్తుంది. అందుకే రిజర్వు బ్యాంకు పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబరు 31లోగా మార్చమన్నది. బ్యాంకు వారు ఊరికే తిప్పుతున్నారని అప్పట్లో మనవాళ్లు చాలామంది విసుక్కున్నారు గాని, కారణం ఇది. అయితే పిన్ నొక్కే వేళ్లను చూసే కెమెరాకు చిప్ అడ్డు రాదు. రెండో చేయి అడ్డం పెట్టుకోవలసింది మనమే.

వేలిముద్ర సంగతీ అంతే. ఆధార్ వేలిముద్రను తాళం వేసుకునే వీలున్నది. వేసుకున్నవారు నవంబరులో జీవన్ ప్రమాణ్‌కు వెళ్లే ముందు తాళం తీయించుకోవడం మరువవద్దు, లేకపోతే రెండుసార్లు ఆటో ఖర్చు.