నెల్లూరు సీమ నూతులు - నేటి దంతధావనము

ప్రాతఃకాలమున దంతధావనము మన పూర్వులు నిత్యకృత్యములలో తొలుత చేర్చిన విధి. వేపపుల్ల, కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి వారి సాధనములు. ఉద్యోగరీత్యా ఈ రాజధానీనగరమును చేరిన మనకు నేడు టూత్‌పేస్టు లేనిదే తెల్లవారదు. అంగడిలో ఒక పెట్టెపై "ఫ్లోరైడు కలదు" అనియు, వేరొకదానిపై "ఫ్లోరైడు లేదు" అనియు వ్రాసియుండును. రెండును సుగుణములుగనే చాటబడుచుండును. ఇందేది గ్రాహ్యము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు తెలుగునాటి చరిత్రలోని యొక విషాదఘట్టమును స్మరింపక తప్పదు.

చెన్నపురి రాజధానికి చెందిన నాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి మెట్టతాలూకాలు. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు ఇవి అందు చేరినవి. వానలు తక్కువ, నూతినీరే ఆధారము. అచ్చటి గ్రామములలో పిల్లల పండ్లు గోధుమవన్నె మచ్చలతో గుంటలుపడి యుండెడివి. నడివయసు వచ్చునప్పటికి మెడ తిరుగదు, నడుము వంగదు. కొందరికి పెరిగిన యెముక వెన్నుపామును నొక్కుటచే కాళ్లు చచ్చుపడెడివి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి గారలు ఈ వ్యాధిని పరిశీలించి, నూతినీటిలోని ఫ్లోరైడే ఇందులకు మూలమని 1937లో ప్రకటించిరి. భారతదేశమున మానవులలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయముగా వర్ణించిన తొలి రచనలలో నిది యొకటి. ఆ పండిట్ గారే స్వాతంత్ర్యానంతరము ఢిల్లీలోని భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరైరి.

ఈ ద్రవ్యమునకే మరియొక ముఖము కలదు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున 1901లో దంతవైద్యము ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే, అచ్చటివారి పండ్లపై మచ్చలను చూచి యాశ్చర్యపడెను. ఆ పండ్లు మచ్చలు గలవే కాని, పుచ్చుటలో ఇతరుల పండ్లకంటె దృఢమైనవి! ఆ మచ్చలకు నీటిలోని ఫ్లోరైడు కారణమని 1931లో తేలెను. పిమ్మట ట్రెండ్లీ డీన్ అను వైద్యుడు అనేక పట్టణముల నీటిని, పిల్లల పండ్లను పోల్చి చూచి, లీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రాంతమున ఫ్లోరైడున్నచో పుచ్చు తగ్గుననియు, మచ్చలు అంతగా నుండవనియు నిరూపించెను. 1945 జనవరి 25న గ్రాండ్ ర్యాపిడ్స్ నగరము తన నీటిలో ఫ్లోరైడును బుద్ధిపూర్వకముగా కలుప నారంభించెను. ఒకచోట కలుపవలసిన వస్తువు, మరియొకచోట తీసివేయవలసిన వస్తువైనది.

ఈ వైరుధ్యమునకు కారణము సులభముగనే బోధపడును. మనము తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిపై పింగాణీపొరనుండి ఖనిజములను కరగించును. పంటికి పైనుండి తగిలిన ఫ్లోరైడు, కరగిన ఖనిజము తిరిగి చేరుటకు తోడ్పడి, ఆ పొరను గట్టిపరచును. ఇది పైపూత చేయు మేలు. కడుపులోనికి అధికముగా పోయిన ఫ్లోరైడు రక్తముద్వారా ఎముకలలో చేరి పేరుకొనును; చిగుళ్లలో పండ్లు రూపొందుచున్న బాల్యదశలో నైనచో మచ్చలను కలిగించును. తోమి ఉమిసినది వేరు, ఏండ్ల తరబడి త్రాగినది వేరు.

మన దేశపు ప్రమాణముల ననుసరించి త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు ఆమోదనీయము. వేరు నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతింపబడును. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలదిని గాఢత హెచ్చును. పటిక, సున్నములతో దానిని తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించి, వ్యాధిపీడితమైన మన జిల్లా పేరిట "నల్లగొండ పద్ధతి" యని వ్యవహరించిరి. తెలంగాణములో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలములను ఇండ్లకు చేర్చ బూనినది.

ఢిల్లీవాసులమగు మనకు ఇది దూరపువార్త కాదు. ఈ నగరపు వాయవ్య, నైరుతి భాగములలోను, పొరుగు హర్యానాలోను కొన్నిచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరియున్నది. గొట్టపుబావి నీటిని త్రాగు కుటుంబములు దానిని పరీక్ష చేయించుకొనుట శ్రేయస్కరము.

ఇక టూత్‌పేస్టు మాట. సాధారణముగా ఫ్లోరైడు గలదే పుచ్చునుండి కాపాడును. దాని పాళ్లు పదిలక్షలకు ఎన్నియో పెట్టెపై చూచి కొనవలెను. 1000 ప్రాంతమున నున్నది చాలును. రోజునకు రెండుమారులు తోముకొని ఉమియవలెను. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత చాలును. తీపిరుచికి ఆశపడి పిల్లలు మ్రింగుదురు గనుక తల్లిదండ్రులు చెంత నుండవలెను. త్రాగునీటిలోనే ఫ్లోరైడు అధికముగా గల యూళ్లవారు తమ పిల్లలకు ఏది తగునో దంతవైద్యుని అడిగి నిర్ణయించుకొనుట యుక్తము.

అమృతమైనను మితిమీరిన విషమగునని పెద్దలందురు. పొదిలి, దర్శి ప్రజలకు ఆ మితిని ఎంచుకొను అవకాశమే లేకపోయెను. ఉన్న నూతినీటినే త్రాగిరి. మనకు ఆ యవకాశము కలదు. వంగని వారి నడుములు నేర్పిన పాఠమును మరువక, వేసవి సెలవులకు స్వగ్రామము వెళ్లినపుడు పిల్లల పండ్లను మాత్రమే గాక, ఊరి నూతినీటిని గూర్చియు విచారించుట మన కర్తవ్యము.