సెరటోనిన్ లెక్క తేలిందా?

డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గడమేనని చాలామంది ఖాయంగా చెప్పేస్తుంటారు. 1967లో బ్రిటిష్ డాక్టర్ అలెక్ కాపెన్ గట్టిగా వాదించిన మాటే ఇది. కానీ బతికున్న మనిషి మెదడులో దాని విడుదల కొలిచేదెలా? రక్తం, మూత్రం, వెన్నునీరు చూసి ఊహించడమే. మా భాషలో చెప్పాలంటే, సర్వర్ ముట్టుకోకుండా లాగులు చదవడమన్నమాట.

2022లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు పెట్ స్కాన్‌తో ప్రయత్నించారు. సెరటోనిన్ రిసెప్టర్లకి అంటుకునే రేడియోధార్మిక పదార్థం ఎక్కించి ఒక స్కాన్, యాంఫెటమిన్ మింగించి 3 గంటలాగి ఇంకోటి. సెరటోనిన్ విడుదలైతే ఆ పదార్థానికి చోటు తగ్గాలి. ఆరోగ్యంగా ఉన్న 20 మందిలో తగ్గింది, డిప్రెషన్ ఉన్న 17 మందిలో పెద్దగా తగ్గలేదు.

అదే ఏడాది జోవన్నా మాంక్రీఫ్ బృందం పాత పరిశోధనలన్నీ తిరగేసి, ఈ సిద్ధాంతానికి సరైన ఆధారమే లేదంది. (ఆ గొడవ చదివి మందులు ఆపేద్దామనుకునేవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి బాబూ!) స్కాన్‌తో వాదన ముగిసిందని నాకైతే అనిపించలేదు. ఆ 17 మందిలో 5గురికి పార్కిన్సన్స్ కూడా ఉంది మరి.