మన ఇంటి అలారం రిసీవర్‌కు లైసెన్సు ఎందుకు అక్కర్లేదు? వైర్‌లెస్ చట్టాల చరిత్ర

ఈసారి వ్యాసం పుస్తకంలోంచి కాకుండా ఒక అట్టపెట్టెలోంచి మొదలవుతుంది. మా వీధిలో రెండు దొంగతనాలు జరిగాక, నేను హాస్టల్లో ఉంటే అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుందని ఆన్‌లైన్‌లో ఒక అలారం కిట్ తెప్పించాను. లోపల ఒక రిసీవర్ ప్యానెల్, తలుపులకు అంటించే మూడు సెన్సర్లు, ఒక రిమోట్, ఒక సైరన్ ఉన్నాయి. దాంతో వచ్చిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ పరికరం 433 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, లైసెన్సు అక్కర్లేదు అని దాని సారాంశం. చాలామంది అది చదవకుండానే కాగితం పారేస్తారు. మీరు పారేయకండి. 1885 నుంచి 2023 దాకా నడిచిన చరిత్ర ఆ ఒక్క వాక్యం వెనకే ఉంది. ఆధునిక చరిత్ర, పాలిటీ, సైన్స్ అండ్ టెక్నాలజీ మూడింటికీ పనికొచ్చే చరిత్ర అది.

ముందు పరికరం సంగతి. తలుపు రెక్కకు అయస్కాంతం, ద్వారబంధానికి సెన్సర్ ఉంటాయి. తలుపు తెరుచుకుని అయస్కాంతం దూరం జరగగానే సెన్సర్‌లోని చిన్న స్విచ్ మారుతుంది. సెన్సర్ తన కోడ్‌ను గాలిలోకి పంపుతుంది. రిసీవర్ ఆ కోడ్‌ను గుర్తుపడితే సైరన్ మోగిస్తుంది, లేకపోతే పట్టించుకోదు. రిసీవర్‌ను మొదట బీరువా మీద పెట్టాను. పెరటి తలుపు సెన్సర్ అందలేదు. ఇనుప బీరువా, ఇన్వర్టర్ పక్కనుంచి తీసి నడవ గోడకు, మనిషి ఎత్తుకు పైన బిగించి, చుట్టచుట్టుకుని ఉన్న యాంటెన్నా తీగను నిటారుగా వదిలాక అన్నీ అందాయి. ఆ తీగ పొడవు 17 సెంటీమీటర్ల చిల్లర. ఎందుకంత? 433.92 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు అది. ప్రిలిమ్స్‌లో పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం విలోమ సంబంధం మీద ప్రశ్న వస్తే ఈ తీగ గుర్తుకు రావాలి.

గోడ అవతలి నుంచి కంటికి కనిపించని తరంగం వచ్చి గంట మోగించడం మన దేశంలో కొత్త కాదు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ జనం ముందు చేసి చూపించింది ఇదే. తరంగాలు గోడలు దాటి వెళ్లి దూరంగా ఉన్న గంటను మోగించాయి, మందుగుండును పేల్చాయి. ఒక రకంగా మన ఇంటి సైరన్‌కు ముత్తాత ఆ గంటే. తీగతో నడిచే దొంగల గంట అప్పటికే ఉంది. అమెరికాలో అగస్టస్ పోప్ 1853లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. తీగ లేకుండా గంట మోగడమే బోస్ చూపించిన విశేషం. గ్రాహకం, అంటే రిసీవర్ విషయంలో ఆయన కృషి ఇంకా గట్టిది. స్ఫటికంతో తరంగాలను పసిగట్టే పరికరానికి 1904లో ఆయనకు అమెరికా పేటెంట్ వచ్చింది. పేటెంట్ల మీద ఆయనకు ఆసక్తి లేదు, స్నేహితుల ఒత్తిడి మీదే దరఖాస్తు చేశారు.

ఇక్కడ ఒక మాట. మెయిన్స్ సమాధానాల్లో చాలామంది రేడియోను బోస్ కనిపెట్టాడు, మార్కోనీ దొంగిలించాడు అని రాస్తున్నారు. అలా రాయకండి. హెర్ట్జ్, లాడ్జ్, బోస్, పొపోవ్, మార్కోనీ ఒకరి వెంట ఒకరు, ఒక్కోసారి ఒకే కాలంలో పనిచేశారు. బోస్ గ్రాహకాలను, అతి చిన్న తరంగాలను అధ్యయనం చేశారు. మార్కోనీ దాన్ని దూర సమాచార వ్యాపారంగా మార్చాడు. ఇలా రాస్తే దేశభక్తికీ లోటు రాదు, మార్కులకూ లోటు రాదు.

ఇప్పుడు చట్టానికి వద్దాం. ఈ వ్యాసంలో అసలు సరుకు ఇదే.

1885లో భారత టెలిగ్రాఫ్ చట్టం వచ్చినప్పుడు రేడియో అనే మాటే లేదు. హెర్ట్జ్ ప్రయోగాలు కూడా ఆ తరవాతివే. 1857 తిరుగుబాటులో తంతి తీగల విలువ తెలిసిన ప్రభుత్వం సెక్షన్ 4లో ఒక్క ముక్కలో తేల్చేసింది. టెలిగ్రాఫ్ నెలకొల్పే, నడిపే ప్రత్యేక హక్కు ప్రభుత్వానిదే, ఇతరులు నడపాలంటే లైసెన్సు తీసుకోవాలి. తరవాత నిర్వచనాన్ని సవరించి వైర్‌లెస్‌ను కూడా ఆ గొడుగు కిందికి తెచ్చారు. తీగల కోసం పుట్టిన గుత్తాధిపత్యం అలా గాలికి కూడా పాకింది.

1927 జూలైలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి స్టేషన్ మొదలైంది, ఆగస్టులో కలకత్తా. (మద్రాసులో 1924లోనే ఒక రేడియో క్లబ్ ప్రసారాలు చేసి, డబ్బు చాలక మూతపడింది.) కంపెనీకి ప్రధాన ఆదాయం శ్రోతల లైసెన్సు రుసుం. ఏడాదికి 10 రూపాయలు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. 1929 చివరికి లైసెన్సులు పదివేలు కూడా దాటలేదు. లైసెన్సు లేకుండా రహస్యంగా వినేవాళ్లు మాత్రం బాగానే ఉన్నారు. 1930లో కంపెనీ మూతపడింది, ప్రసారాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి.

దొంగచాటు శ్రోతను పట్టుకోవడం ఎలా? 1885 చట్టం ప్రకారం నెలకొల్పడం, నడపడం నేరం. ఇంట్లో సెట్టు ఉన్నంత మాత్రాన అతను విన్నాడని ఎలా రుజువు చేస్తారు? ఆ చిక్కు విప్పడానికే 1933లో భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చారు. సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండటమే నేరం. వాడక్కర్లేదు, ఉంటే చాలు. సెక్షన్ 6 ఇంకో అడుగు ముందుకు వేసింది. మీ అధీనంలో ఉన్న ఇంట్లో పరికరం దొరికితే అది మీదేనని కోర్టు భావించవచ్చు. ఆ లెక్కన మా నడవ గోడ మీది రిసీవర్ ఆ రోజుల్లో ఉంటే, దాన్ని అక్కడ బిగించిన నేను కాకపోయినా ఇంటి యజమానురాలైన అమ్మ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. సాధారణ పరికరానికి మొదటిసారి జరిమానా 100 రూపాయల వరకే కాబట్టి శిక్ష చిన్నదే. కానీ 'కలిగి ఉండటం' అనే ఆ మాట ఎంత బరువైనదో గమనించండి.

ఆ బరువు 1942లో తెలిసింది. క్విట్ ఇండియా రోజుల్లో నాయకులంతా జైళ్లలో ఉండగా, ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో రహస్య కాంగ్రెస్ రేడియో నడిపారు. ప్రసారం 42.34 మీటర్ల మీద. పోలీసు వాహనాలు సంకేతం వచ్చే దిక్కును పట్టుకుంటూ వెంటపడుతుంటే ట్రాన్స్‌మిటర్‌ను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చేవారు. నవంబర్ 12న పట్టుబడ్డారు. ఉషా మెహతాకు నాలుగేళ్ల శిక్ష పడింది. అప్పటికి ఆమె వయసు 22. ఇక్కడ ఆమె ధైర్యంతో పాటు ఆ ఇళ్లు ఇచ్చినవాళ్ల ధైర్యం కూడా లెక్కలోకి రావాలి. చట్టం దృష్టిలో ఇల్లే సాక్ష్యం కదా.

గ్రూప్స్ అభ్యర్థులకు ఒక పక్క మాట: 1933 చట్టం బ్రిటిష్ ఇండియాది. హైదరాబాద్ సంస్థానంలో దారి వేరు. అక్కడ ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన డెక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాలు పోయాయా? పోలేదు. ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలోని 31వ అంశంలో తపాలా, తంతి, టెలిఫోన్‌తో పాటు వైర్‌లెస్, ప్రసారాలు చేరాయి. 1933 చట్టం అలాగే కొనసాగింది. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్‌కు 1949లో జైలు శిక్ష కూడా చేర్చారు. మీ ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టె వెతికితే పోస్టాఫీసు ముద్రలు పడ్డ రేడియో లైసెన్సు పుస్తకం దొరకొచ్చు. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుం కట్టి ముద్ర వేయించుకునేవారు. వార్తలు వినడానికి ప్రభుత్వానికి డబ్బు కట్టిన దేశం మనది. ఆ రుసుం 1985లో పోయింది.

తాత్వికమైన మలుపు 1995 ఫిబ్రవరిలో వచ్చింది. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు. 1993 హీరో కప్ ప్రసార హక్కుల గొడవ అది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గానీ ప్రైవేటువారికి గానీ గుత్తాధిపత్యం ఉండకూడదు, ప్రజల ప్రయోజనం కోసం ఒక ప్రజా సంస్థ వాటిని నియంత్రించాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. విడిగా సుదీర్ఘ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువారు. 1885 చట్టం ఈ కాలానికి సరిపోదని కూడా ఆ తీర్పులో స్పష్టంగానే ఉంది. 19(1)(ఎ) మీద రాసేటప్పుడు ఈ కేసును టీవీకి మాత్రమే పరిమితం చేయకండి.

అయినా మన అట్టపెట్టెకు దారి తీసింది ఆ తీర్పు కాదు. 1933 చట్టంలోనే ఉన్న సెక్షన్ 4. మినహాయింపు ఇచ్చే అధికారం. బిగించిన చట్టంలోనే వదిలే తాళం చెవి ఉంది. 2000 తరవాత ప్రభుత్వం ఆ తాళం చెవినే వాడింది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్, 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్, 2012లో 433 నుంచి 434 మెగాహెర్ట్జ్. చివరిదానికి షరతు గరిష్ఠంగా 10 మిల్లీవాట్ల శక్తి. చట్టం రద్దు కాలేదు, నిషేధం పోలేదు. తక్కువ శక్తి పరికరాలకు కొన్ని కిటికీలు తెరిచారు, అంతే. అందుకే విదేశాల్లో దొరికే ప్రతి కిట్టూ ఇక్కడ చెల్లదు. అమెరికాలో 315 మెగాహెర్ట్జ్ అలారాలు మామూలు, మన మినహాయింపు దానికి వర్తించదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించింది. మనం మూడో ప్రాంతంలో ఉన్నాం. యూరప్ ఉన్న మొదటి ప్రాంతంలో 433 బ్యాండుకు ఉన్న హోదా మనకు దానంతట అది రాదు. విడిగా నియమం రాసుకోవాల్సిందే.

ఆ నియమాల్లో ఒక పదబంధం ఉంది. ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల కలిగే అంతరాయం నుంచి రక్షణ కోరకూడదు, పంచుకుని వాడుకోవాలి. మొదటిసారి చదివినప్పుడు ఇదేదో అధికార భాష అని దాటేశాను. దాని అర్థం ఒక రాత్రి రెండింటికి తెలిసింది. ఇంట్లో తలుపులన్నీ వేసే ఉన్నాయి, సైరన్ మాత్రం కూస్తోంది. అమ్మ వణికిపోతూ ఫోన్ చేసింది. మర్నాడు ఇంటికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. పక్కింటి మాస్టారు కూడా అదే కిట్ కొన్నారు. ఆ రాత్రి ఆయన పెరటి తలుపు తీశారు. రెండు కిట్లలోనూ కోడ్ జంపర్లు ఫ్యాక్టరీలో వదిలినట్టే ఖాళీగా ఉన్నాయి, కాబట్టి రెండింటిదీ ఒకే కోడ్. ఆయన తలుపు మా గంట మోగించింది. ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం? లైసెన్సు ఉన్నవాడికి పౌనఃపున్యం మీద హక్కు ఉంటుంది, అంతరాయం వస్తే అడిగే చోటు ఉంటుంది. మినహాయింపులో ఉన్నవాడికి స్వేచ్ఛ ఉంది, హక్కు లేదు. లైసెన్సు, మినహాయింపు మధ్య తేడా రాయమంటే ఈ ఉదాహరణ రాసుకోండి.

ఆ చిప్‌లో కోడ్‌కు ఎనిమిది కాళ్లు ఉంటాయి. ఒక్కోదాన్ని మూడు రకాలుగా కలపవచ్చు. మూడును ఎనిమిదిసార్లు గుణిస్తే 6,561 కోడ్‌లు. మాస్టారు, నేను ఒక ఆదివారం కూర్చుని చెరో కోడ్ పెట్టుకున్నాం. రిసీవర్‌లో పాతది చెరిపేసి, లెర్న్ బటన్ నొక్కి, ఒక్కో తలుపూ తెరిచి కొత్త కోడ్ నేర్పించాం. కొంచెం ఖరీదైన కిట్లలో రిమోట్ కోడ్ ప్రతిసారీ మారుతుంది. మాలాంటి చవక కిట్లలో మారదు, దాన్ని పట్టి తిరిగి పంపే దొంగ ముందు అది పనిచేయదు. కొనేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోండి.

ఇక వర్తమానం. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. 1885, 1933 చట్టాల స్థానంలో వచ్చిన దీని నిబంధనలు 2024 జూన్ 26 నుంచి విడతలవారీగా అమల్లోకి వస్తున్నాయి. లైసెన్సు అనే మాట పోయి అనుమతి అనే అర్థంలో ఆథరైజేషన్ వచ్చింది. ఇప్పుడు సెక్షన్ 3 తెరిచి చూడండి. సేవలు అందించడానికి, నెట్‌వర్క్ నెలకొల్పడానికి, మూడోది రేడియో పరికరాన్ని కలిగి ఉండటానికి అనుమతి కావాలి. 'కలిగి ఉండటం' అనే 1933 నాటి మాట అలాగే ఉంది. దాని కిందే మినహాయింపు ఇచ్చే అధికారమూ ఉంది.

సాధన ప్రశ్న, 250 పదాల్లో: "భారతదేశంలో వైర్‌లెస్ నియంత్రణ వలస ప్రభుత్వ ఆదాయ, భద్రతా అవసరాల నుంచి పుట్టి, నిషేధాన్ని తొలగించకుండా మినహాయింపుల ద్వారా సడలింది. చర్చించండి." రాసి పంపినవాళ్ల సమాధానాలు వచ్చే ఆదివారం చూస్తాను. 1933 చట్టానికి కారణం భద్రత ఒక్కటే అని రాస్తే మాత్రం మార్కులు తగ్గిస్తాను.