అమ్మ పేరు లేని కథ

పిల్లలకి చదివి వినిపించే పుస్తకాల ఎంపికని మనం తల్లి అభిరుచిగానే చూస్తాం. విశాఖపట్నంలో నాలుగేళ్ళ కూతురికి కథలు చదువుతున్న నాకు మాత్రం, ఏ పుస్తకం మన చేతికందాలో చరిత్ర ముందే నిర్ణయిస్తుందనిపిస్తుంది.

1966లో ఉక్కు కోసం ఉద్యమించిన ఈ నగరంలో కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో కుదిరింది. అంతకు చాలా ముందునుంచే ఆ స్నేహం పుస్తకాలనీ మోసుకొచ్చింది. మాస్కోలో తెలుగు చేసి అచ్చువేసిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా చాలా చవగ్గా దొరికేవి. మంచి రంగుల బొమ్మలు మామూలు ఇళ్ళలోకీ వచ్చాయి. చందమామలో కథ చివర రాజకుమారిని గెలుచుకోవడం అలవాటైన పిల్లలకి అదొక కొత్త లోకం.

అది ఎంత కొత్తది? గైదార్ 1939లో రాసిన చుక్-గెక్ అన్నదమ్ముల కథనే చూడండి. ఎక్కడో సైబీరియాలో పనిచేస్తున్న తండ్రి దగ్గరికి తల్లి ఇద్దరు కొడుకులతో రోజుల తరబడి రైల్లో వెళ్తుంది. తీరా వెళ్తే అక్కడ ఆయన ఉండడు. మంచులో, ఖాళీ ఇంట్లో పొయ్యి రాజేసి పిల్లల్ని కాచుకునేది ఆమే. కొడుకులకి పేర్లున్నాయి, తండ్రికి ఇంటిపేరూ ఉద్యోగమూ ఉన్నాయి. ఆమె ఒట్టి "అమ్మ". స్త్రీ పురుష సమానత్వం ప్రకటించుకున్న సమాజపు కథలోనూ ఇంటిచాకిరీకి పేరు లేదు. మాస్కోలో తెలుగు అనువాదకుడిగా పనిచేసిన ఉప్పల లక్ష్మణరావు తన "అతడు-ఆమె" నవలలో స్త్రీ చేత సొంతంగా డైరీ రాయించారు. ఈ తల్లికి ఆ అవకాశం రాలేదు.

1991లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. ఆ మరుసటేడు, 1992లో, ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. మాస్కో నుంచి తెలుగు పుస్తకాల రాక ఆగిపోయింది. తర్వాత మంచి పుస్తకం సంస్థ వాటిలో కొన్నిటిని మళ్ళీ అచ్చువేసింది.

నేను ఆ కథని పక్కన పెట్టను. కష్టమొచ్చినప్పుడు చేయాల్సిన పని చేసుకుపోయే ఆడమనిషి బొమ్మల పుస్తకంలో ఉండడం ఇప్పటికీ విలువైనదే. అయితే చదువుతూ మధ్యలో ఆగి, "ఈ అమ్మ పేరేమిటి?" అని మా అమ్మాయిని అడుగుతాను. అది పేజీలు వెనక్కి తిప్పి వెతుకుతుంది. ఏ పుస్తకం కొనాలన్నదానితో పాటు, పిల్లల చేత ఏం వెతికించాలన్నది కూడా ఎంపికలో భాగమే.